జడ్జిగారితో ఎంత దగ్గర, ఎంత దూరం
కోస్తా పల్లెల నుంచి నెల్లూరు బార్‌లోకి వస్తున్న జూనియర్లకు

మైపాడు, గంగపట్నం వైపు నుంచి వచ్చి నెల్లూరులోనో కోవూరులోనో ప్రాక్టీసు పెట్టిన జూనియర్‌కి మొదటి ఏడాదే ఒక ప్రశ్న ఎదురవుతుంది. లా కాలేజీలో దాన్ని ఎవరూ అడిగి ఉండరు. రొయ్యల గుంట లీజు తగాదాతోనో, ప్రోనోటు బాకీతోనో, చెక్ బౌన్స్ సమన్లతోనో ఊరివాళ్లు వస్తారు. కాగితాల సంచి ఇంకా విప్పకముందే, "ఏం అబ్బయా, ఈ జడ్జిగారు నీకు తెలుసా?" అంటారు.

"తెలుసు" అంటే కేసు మీ దగ్గరే ఉంటుంది. "తెలీదు" అంటే పక్క ఆఫీసుకి పోతుందేమోనని గుబులు. సీనియర్ ఇచ్చే డబ్బులు బస్సు చార్జీలకీ మధ్యాహ్నం భోజనానికీ సరిపోతే గొప్ప. పేరు రావాలి, ఫీజు రావాలి, ఊళ్లో "మన లాయరు" అనిపించుకోవాలి. ఈ ఒత్తిడి మామూలే, దీన్ని చూసి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. అయితే ఆ ఒత్తిడిలో ఒక్క నియమం మాత్రం వదలకూడదు. జడ్జిగారికి మీరు చెప్పేది ఏదైనా ఎదుటి పక్షం వకీలు వినేచోటే చెప్పాలి, వీలైనంతవరకు కాగితం మీదే చెప్పాలి. కింద రాసిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాటలోంచి వచ్చినవే.

"జడ్జిగారు తెలుసా" అంటే అర్థం ఏంటి

క్లయింటు అడిగేది పరిచయం గురించి కాదని మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. పని మాటల్తో అవుతుందా, డబ్బుతో అవుతుందా అని ఆరా తీస్తున్నాడు. ఇక్కడ చాలామంది జూనియర్లు అబద్ధం చెప్పరు. ఊరికే నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు చాలు. సాయంత్రానికల్లా ఊళ్లో "మనోడికి జడ్జితో బాగా ఉందంట" అని పాకుతుంది. కేసు గెలిస్తే మీ వాదన వల్ల గెలిచామని ఎవరూ అనుకోరు. ఓడితే ఇంకా ఘోరం, డబ్బులు మీరే తిన్నారంటారు. రెండు విధాలా నష్టం మీకే.

చట్టం సంగతి ఇంకా గట్టిది. అవినీతి నిరోధక చట్టంలో 2018 సవరణతో వచ్చిన 7ఎ సెక్షన్ చదవండి. అక్రమ మార్గంలో గానీ, తన సొంత పలుకుబడి వాడి గానీ పబ్లిక్ సర్వెంట్‌తో పని చేయిస్తానని సొమ్ము తీసుకున్నవాడికి మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష. ఆ సొమ్ము జడ్జిగారికి చేరిందా లేదా అన్నది పెద్ద తేడా చేయదు. జడ్జిగారికి ఆ సంగతే తెలియకపోయినా మీరు మాత్రం ఇరుక్కుంటారు. 8వ సెక్షన్ కింద ఇచ్చేవాడూ నిందితుడే. బలవంతంగా ఇవ్వాల్సి వచ్చినవాడు ఏడు రోజుల్లోపు పోలీసుకో దర్యాప్తు సంస్థకో చెప్పుకుంటేనే ఆ సెక్షన్ నుంచి బయటపడతాడు. ఈ ముక్క క్లయింటుకు చెప్పండి. చాలామంది నోళ్లు అక్కడితో మూతపడతాయి.

ఇదంతా గాల్లో మాట అనుకోవద్దు. 2012లో ఓబుళాపురం గనుల కేసులో హైదరాబాద్ సిబిఐ కోర్టు ఇచ్చిన బెయిల్ వెనక డబ్బు చేతులు మారిందన్న ఆరోపణ వచ్చింది. ఆ ఏడాది మే నెలాఖరులో ఆ జడ్జిని హైకోర్టు సస్పెండ్ చేసింది. తర్వాత ఏసీబీ అరెస్టు చేసింది. మధ్యవర్తులన్న పేరుతో కేసులో ఇరుక్కున్నవాళ్ల వరస చూస్తే అసలు పాఠం తెలుస్తుంది. ఇలాంటి వ్యవహారాల్లో మధ్యలో నిలబడ్డవాడికి రెండు వైపుల నుంచీ రక్షణ ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటలో పట్టుబడి రోజు. మీ క్లయింటు ముప్పై కౌంట్ వనామి ఐసులో వేసి థర్మాకోల్ పెట్టె మీ ఇంటికి తెచ్చాడు. "ఓ రెండు కిలోలు మీకు, మిగతాది సార్ వాళ్లింటికి పంపించండి, మన గుంటవే గదా" అన్నాడు. మనసులో చెడు ఏమీ లేదు, మన వైపు ఇది మర్యాదే. కానీ ఆ పెట్టె మీ వరండాలో గంటసేపు ఉన్నా, జడ్జిగారింటికి చేరిపోయిందనే ఆయన లెక్క. ఆ మాటే తర్వాత పదిమందికి చెప్తాడు. అందుకని పెట్టె దింపనివ్వద్దు. అదే ఆటోలో తిప్పి పంపండి. "ఇది వెళ్తే మన కేసుకే దెబ్బ. ఎదుటివాళ్లకి తెలిస్తే కేసు వేరే కోర్టుకి మార్చమని పిటిషన్ వేస్తారు" అని లాభనష్టాల భాషలో చెప్పండి. నీతులు చెప్తే వినని మనిషి ఈ మాట వింటాడు. ఆ సాయంత్రమే మీ సీనియర్ చెవిన కూడా వేయండి. తర్వాత మాట అటూ ఇటూ అయితే మీకు ఒక సాక్షి ఉంటారు.

గీత ఎక్కడుంది

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలో కోర్టు పట్ల న్యాయవాది బాధ్యతల భాగం చిన్నదే, పది నిమిషాల్లో చదివేయొచ్చు. పెండింగ్ కేసు గురించి జడ్జితో ప్రైవేటుగా మాట్లాడకూడదు, ఉత్తరం రాయకూడదు. అక్రమ పద్ధతుల్లో తీర్పును ప్రభావితం చేయకూడదు. క్లయింటు అడ్డదారి తొక్కబోతే ఆపాలి, వినకపోతే కేసు వదులుకోవాలి. తండ్రి, భర్త, భార్య, అన్నదమ్ములు, మేనమామ, మామగారు, బావమరిది, అల్లుడు వంటి దగ్గర బంధువు జడ్జిగా కూర్చున్న కోర్టులో హాజరు కాకూడదు.

అటువైపు జడ్జిలకూ కట్టుబాట్లున్నాయి. 1997 మే 7న సుప్రీంకోర్టు జడ్జిలందరూ కలిసి ఆమోదించిన ప్రవర్తనా సూత్రాలు పదహారు. పై కోర్టుల జడ్జిల కోసం రాసుకున్నవే అయినా కింది కోర్టుల్లోనూ కొలబద్ద అదే. బార్ సభ్యులతో, ముఖ్యంగా తమ కోర్టులోనే ప్రాక్టీసు చేసేవాళ్లతో, వ్యక్తిగతంగా దగ్గర సంబంధాలు పెట్టుకోకూడదు. ఇంట్లోవాళ్లు వకీళ్లయితే తమ ముందు వాదించనివ్వకూడదు, తాముండే ఇంట్లో వాళ్ల ఆఫీసు నడపనివ్వకూడదు. కుటుంబం, బంధువులు, స్నేహితులు తప్ప ఇతరుల నుంచి కానుకలు, విందులు తీసుకోకూడదు. ప్రపంచ దేశాల జడ్జిల కోసం 2002లో తయారైన బెంగళూరు సూత్రాలూ ఇదే దారిలో సాగుతాయి. న్యాయం జరగడమే చాలదు, జరుగుతున్నట్టు బయటివాడికి కనిపించాలన్నదే వాటి సారం.

కాబట్టి జడ్జిగారు మీతో ముభావంగా ఉంటే నొచ్చుకోకండి. ఆయన పని ఆయన చేసుకుంటున్నారు.

చిక్కు వచ్చేది పాత స్నేహాల దగ్గర. నిన్నటిదాకా మీతో ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగిన స్నేహితుడు పరీక్ష రాసి జూనియర్ సివిల్ జడ్జి అయిపోవచ్చు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ ఉద్యోగానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. ఇకమీదట కొత్త జడ్జిల్లో ఎక్కువమంది ఏదో ఒక బార్ నుంచే వస్తారు కాబట్టి ఈ చిక్కు పెరిగేదే. అతను వేరే జిల్లాలో ఉంటే ఫోన్లో పలకరించుకోండి, కేసుల ఊసు మాత్రం వద్దు. మీరు హాజరయ్యే కోర్టుకే వస్తే మాత్రం పాత చనువు ఆ రోజు నుంచి పక్కన పెట్టాలి. ఆ సంగతి అతనికంటే ముందు మీరే గుర్తుంచుకోండి. కోర్టు హాల్లో ఏకవచనం, భుజం మీద చెయ్యి, "మావాడే" అన్న మాట, ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ఎదుటి పార్టీ కంటపడితే మీ స్నేహితుడి ఉద్యోగానికే ఎసరు. వాయిదా అడిగే చిన్న మెమో దగ్గర కూడా మిగతావాళ్లకంటే ఎక్కువ పద్ధతిగా ఉండండి.

బయట కలిసినప్పుడు ఎలా? నెల్లూరు జనానికి ఆదివారం సాయంత్రం మైపాడు బీచే దిక్కు. కార్తీక మాసంలో వనభోజనాలకు వచ్చేవాళ్లతో ఇసక కనపడదు. జడ్జిగారు కుటుంబంతో వస్తారు, మీరు చుట్టాలతో ఉంటారు, ఎదురుపడతారు. నమస్కారం పెట్టండి, పలకరిస్తే జవాబివ్వండి, ముందుకు నడవండి. సెల్ఫీ అడగొద్దు. "రేపు మన మేటరు ఆర్డర్స్‌కి ఉంది సార్" అన్న మాట నవ్వుతూ కూడా నోట్లోంచి రానివ్వొద్దు. మీ పక్కన క్లయింటు ఉంటే ఆ నమస్కారం కూడా దూరం నుంచే చాలు. ఎందుకంటే మీరు నమస్కారమే పెట్టారు గానీ, ఊరికి వెళ్లి ఆయన చెప్పేది "అర్ధగంట మాట్లాడుకున్నారు" అని. బార్ అసోసియేషన్ కార్యక్రమాలు, పెళ్లిళ్లు నలుగురూ ఉండే చోట్లు, అక్కడ కలవడంలో తప్పులేదు. ఒక్కరే ఇంటికి వెళ్లడం, ఒక్కరే చాంబర్‌లోకి వెళ్లడం దగ్గరే గీత దాటతారు. కేసు పని మీద చాంబర్‌కి వెళ్లక తప్పకపోతే ఎదుటి వకీలును వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన రానంటే మీరూ ఆగిపోండి.

నమ్మకం రోజువారీ పనిలోంచే వస్తుంది

జడ్జిగారి దగ్గర మీకు పరపతి అంటూ ఉంటే అది ఒకే రకంగా వస్తుంది. మీరు చెప్పిన మాట రికార్డుతో సరిపోవాలి, ప్రతిసారీ సరిపోవాలి. ఇది పోయేది మాత్రం చిన్న విషయాల దగ్గరే.

మొదటిది వాయిదాలు. కాల్ వర్క్‌లో మీ కేసు పిలిచారు. సీనియర్ రాలేదు. "సీనియర్‌గారికి ఒంట్లో బాగాలేదు" అన్నారు. పది నిమిషాల తర్వాత అదే సీనియర్ పక్క కోర్టులో క్రాస్ చేస్తుంటే అటెండరు చూశాడు, బెంచ్ క్లర్కుకు చెప్పాడు, మధ్యాహ్నానికి జడ్జిగారికి తెలిసిపోయింది. వాయిదా దొరికింది గానీ ఆ తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మరు. "సీనియర్ పక్క కోర్టులో పార్ట్ హర్డ్ క్రాస్‌లో ఉన్నారు, పన్నెండుకి పాస్ ఓవర్ ఇప్పించండి" అంటే చాలాసార్లు ఇస్తారు. ఇవ్వకపోయినా మీ మాట నిలబడుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17 ప్రకారం విచారణ దశలో ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. ఖర్చులు వేసే అధికారమూ ఉంది. కాబట్టి వాయిదా అడిగేముందు ఇది మీ పార్టీకి ఎన్నోదో డైరీలో చూసుకుని నిలబడండి. "ఇది మా తరఫున రెండోది, సాక్షి చెన్నైలో ఉన్నాడు, వచ్చే వాయిదాకి తప్పక హాజరుపరుస్తాం" అని మీరే చెప్తే జడ్జిగారు అడగాల్సిన ప్రశ్న ఉండదు.

రెండోది ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్. రొయ్యల గుంటల తగాదాల్లో ఇదే ఎక్కువ. గట్టు తెంచుతారు, మోటార్లు పీకేస్తారు, పంట నీళ్లపాలవుతుంది అని క్లయింటు పరుగెత్తుకొస్తాడు. అర్జెంటు నిజమే కావచ్చు. ఎదుటివాడు లేనప్పుడు ఆర్డర్ అడుగుతున్నారంటే వాడు వచ్చి ఉంటే చెప్పే మాటలు కూడా మీరే చెప్పాలి. లీజు గడువు తీరిపోయిందా, ఇదే గుంట మీద ఇంతకుముందు దావా పడి కొట్టేశారా, అసలు కాగితం స్టాంపు సరిగ్గా లేదా, ఇవన్నీ అఫిడవిట్‌లో ఉండాలి. ఆర్డర్ వచ్చాక ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం పిటిషన్, అఫిడవిట్, దావా, డాక్యుమెంట్ల కాపీలు వెంటనే ఎదుటి పక్షానికి పంపి, ఆ రోజో మర్నాడో పంపినట్టు అఫిడవిట్ వేయాలి. ఈ రెండో అఫిడవిట్ మర్చిపోయే జూనియర్లు చాలామంది. ఎదుటి వకీలు మొదట పట్టుకునేది దాన్నే, ఆర్డర్ ఎత్తేయించేది దాంతోనే.

దాచిపెడితే ఏమవుతుందో ఎస్.పి. చెంగల్వరాయ నాయుడు కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. ముఖ్యమైన డాక్యుమెంటు దాచి డిక్రీ తెచ్చుకుంటే అది కోర్టును మోసం చేయడమే, ఆ డిక్రీ చెల్లదు, ఏ కోర్టులోనైనా ఎప్పుడైనా ప్రశ్నించొచ్చు అంది. పదేళ్లు నడిచిన దావా ఒక్క కాగితం దాచినందుకు సున్నా అవుతుంది. "ఎదుటివాళ్లే బయటపెట్టుకోనీ" అన్న లెక్క ఆ కేసు చదివాక ఎవరూ వేయరు.

మూడోది తీర్పుల కాపీలు. హెడ్‌నోట్ చూసి, ఫోన్లో వెతికి, ఇప్పుడైతే ఏఐని అడిగి తెచ్చిన సైటేషన్ నేరుగా ఫైల్ చేయొద్దు. ఆ తీర్పు అసలు ఉందా, ఉంటే మీరు చెప్పిన మాట అందులో ఉందా, తర్వాత పెద్ద బెంచి కొట్టేసిందా, మూడూ చూడాలి. మీకు వ్యతిరేకంగా ఉన్న తీర్పు మీకు కనిపించిందా? మీరే చూపించి, మీ కేసు దానికి ఎందుకు పడదో చెప్పండి. ఎదుటివాళ్లు చూపిస్తే మీకు తెలియదనో దాచారనో అనుకుంటారు. రెండూ మంచివి కావు.

జడ్జిగారు కసిరినప్పుడు

రోజుకు పదుల సంఖ్యలో కేసులు పిలుస్తారు. స్టెనో సెలవు, లిస్టు పొడవు, పై నుంచి పాత కేసుల టార్గెట్లు. ఆ చిరాకు ముందు నిలబడ్డ జూనియర్ మీద పడుతుంది. అందరి ముందు "ప్రిపేర్ కాకుండా వస్తారు" అంటారు. మీ క్లయింటు వెనక బెంచీలోంచి చూస్తుంటాడు. రక్తం మరిగేది అప్పుడే.

ఆ నిమిషం చేయాల్సింది చాలా తక్కువ. మాట పెంచొద్దు. చేతిలో కాగితాలు బల్లమీద విసరొద్దు. "చూసుకుందాం" అనొద్దు. ఆ ఒక్క మాటతో తప్పు మీ వైపుకి వచ్చేస్తుంది. నడుస్తున్న కోర్టులో జడ్జిని కావాలని అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 267 కింద నేరం. నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 384 ప్రకారం ఆ కోర్టే అదే రోజు చర్య తీసుకోవచ్చు. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం కింద హైకోర్టుకు రిఫరెన్స్ పంపితే ఆరు నెలల దాకా సాధారణ జైలు, రెండు వేల దాకా జరిమానా పడొచ్చు. వీటన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఆ రోజు నుంచి మీ క్లయింటు మీ పక్కన నిలబడడానికి జంకుతాడు.

అలాగని నోరు మూసుకుని వచ్చేయమనీ కాదు. నిర్భయంగా క్లయింటు పక్షం వాదించడమూ మీ బాధ్యతేనని అదే బార్ కౌన్సిల్ నియమావళి చెప్తుంది. క్రాస్‌లో మీ ప్రశ్నను అడ్డుకున్నారనుకోండి. గొంతు పెంచకుండా, "నా ప్రశ్న, అబ్జెక్షన్ రికార్డు చేయమని కోరుతున్నాను" అనండి. అబ్జెక్షన్ వచ్చిన ప్రశ్నను కోర్టు అనుమతిస్తే ప్రశ్న, జవాబు, అబ్జెక్షన్, అది చెప్పినవారి పేరు రాసుకోవాలని ఆర్డర్ 18 రూల్ 11 ఉంది. ప్రశ్నను అసలు తోసిపుచ్చితే అదే రోజు మెమో వేయండి. ఏ ప్రశ్న, దేనికి అవసరం, కోర్టు ఏమంది, నాలుగు వాక్యాలు చాలు, విశేషణాలు వద్దు. అప్పీలులో మీకు పనికొచ్చేది ఆ మెమో. మీ ఆవేశం అప్పీలు ఫైల్లో ఎక్కడా కనపడదు.

ఆ మధ్యాహ్నం చేయాల్సిన పని ఇంకోటుంది. జడ్జిగారు అన్నదాంట్లో నిజమెంతో ఒంటరిగా కూర్చుని చూసుకోండి. ప్రిపేర్ కాకుండా వెళ్లింది నిజమైతే మర్నాడు ప్రిపేరై వెళ్లండి. దానికి మించిన క్షమాపణ అక్కర్లేదు.

ఫిర్యాదు చేయాల్సి వస్తే

ముందు రెండు విషయాలు విడదీయండి. ఆర్డర్ తప్పా, ప్రవర్తన తప్పా? ఆర్డర్ తప్పయితే మందు అప్పీలు, రివిజన్. తప్పు ఆర్డర్ ఇచ్చినంత మాత్రాన జడ్జి మీద క్రమశిక్షణ చర్య తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2019లో కృష్ణ ప్రసాద్ వర్మ కేసులో చెప్పింది. నిజాయితీగా పనిచేసే కింది కోర్టు జడ్జిలను అక్కసుతో వేసే ఫిర్యాదుల నుంచి హైకోర్టులు కాపాడాలని 1988లోనే ఈశ్వర్ చంద్ జైన్ కేసులో అంది. ఓడిన కోపంతో రాసిన పిటిషన్ మీ కేసునీ బాగు చేయదు, మీ పేరునీ బాగు చేయదు.

ప్రవర్తనే తప్పయితే, అంటే అసభ్యంగా మాట్లాడటం, కులం పేరు ఎత్తటం, ఒక వకీలుకు ఒక రూలు ఇంకో వకీలుకు ఇంకో రూలు, డబ్బు వాసన లాంటివయితే దారి ఉంది. కింది కోర్టు జడ్జి గురించి హైకోర్టుకు సద్భావంతో చేసిన ఫిర్యాదు కోర్టు ధిక్కరణ కాదని ధిక్కరణ చట్టం 6వ సెక్షనే చెప్తుంది. భయపడక్కర్లేదు, పద్ధతి తప్పకుండా ఉంటే చాలు. మొదట సీనియర్‌తో, తర్వాత బార్ అసోసియేషన్ అధ్యక్షుడితో మాట్లాడండి. చాలా సంగతులు అధ్యక్షుడు వెళ్లి ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జితో పది నిమిషాలు మాట్లాడితే సర్దుకుంటాయి. సర్దుకోకపోతే రాతపూర్వకంగా జిల్లా జడ్జికి, అక్కడినుంచి అమరావతిలో హైకోర్టు రిజిస్ట్రార్ విజిలెన్స్‌కి. తేదీ, కేసు నంబరు, అన్న మాట అన్నట్టుగా, ఎవరు విన్నారు, డాకెట్ ఆర్డర్ కాపీ, వీటితో పాటు అఫిడవిట్ ఉండాలి. పేరు లేని ఆకాశరామన్న ఉత్తరం చెత్తబుట్టకే పోతుంది. పైగా ఎవరు రాశారో బార్ అంతా ఊహించేస్తుంది.

2023 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. వకీళ్ల ఫిర్యాదులు వినడానికి హైకోర్టు స్థాయిలోనూ జిల్లా స్థాయిలోనూ కమిటీలు వేయమని హైకోర్టులను ఆదేశించింది. ఫైలింగు, లిస్టింగు ఇబ్బందులతో పాటు కింది కోర్టు జడ్జి దురుసు ప్రవర్తన కూడా అక్కడ చెప్పుకోవచ్చు. ఫిర్యాదు నిజమైనదై ఉండాలి, జడ్జి మీద ఒత్తిడి పెట్టే ఎత్తు కాకూడదు.

కోర్టు బహిష్కరణ మాటకొస్తే, బార్ రూంలో ఆ తీర్మానం ఊపుగానే ఉంటుంది. 2002 హరీష్ ఉప్పల్ తీర్పు ప్రకారం వకీళ్లకు సమ్మె చేసే హక్కు లేదు. బార్ గౌరవం, బెంచి స్వతంత్రత ప్రమాదంలో పడ్డ అత్యంత అరుదైన సందర్భంలో, అదీ ఒక్క రోజుకు మించని నిరసనను కోర్టులు చూసీ చూడనట్టు పోవచ్చు, అంతే. సమ్మె వల్ల క్లయింటుకు నష్టం జరిగితే ఆ ఖర్చు వకీలు భరించాల్సి రావొచ్చని 2000లో రేమాన్ సర్వీసెస్ కేసు హెచ్చరించింది. తీర్మానం చేసి జడ్జిని రాజీనామా చేయమని ఒత్తిడి తేవడం కూడా కుదరదని 1995లో రవిచంద్రన్ అయ్యర్ కేసు చెప్పింది. కొత్తగా వచ్చిన మీరు బార్ తీర్మానాన్ని ఎదిరించి ఒంటరిగా హాజరవ్వడం కష్టమే. కనీసం ఆ రోజు మీ కేసుల్లో సాక్షి హాజరు, ఎన్‌బీడబ్ల్యూ రీకాల్, లిమిటేషన్ ఆఖరి రోజు లాంటివి ఉన్నాయేమో ముందే చూసుకుని కాగితాలు ఫైల్ చేయించండి. క్లయింటుకు ముందురోజే ఫోన్ చేయండి. మైపాడు నుంచి కూలి పని మానుకుని వచ్చినవాడికి గేటు దగ్గర తెలియడం కంటే అన్యాయం లేదు.

సంతకం పెట్టేముందు

"ఈ జడ్జి దగ్గర మనకు న్యాయం జరగదు, కేసు మార్పించండి" అని క్లయింటు పట్టుబడతాడు. సివిల్‌లో సెక్షన్ 24 కింద జిల్లా కోర్టులో గానీ హైకోర్టులో గానీ, క్రిమినల్‌లో బీఎన్‌ఎస్‌ఎస్ 448 కింద సెషన్స్ కోర్టులో, 447 కింద హైకోర్టులో ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు. హక్కు ఉంది. దాన్ని ఏ మాటలతో అడుగుతున్నామన్నదే ప్రశ్న.

2025లో తెలంగాణలో జరిగింది చూడండి. ముఖ్యమంత్రి మీద ఉన్న ఒక కేసును హైకోర్టు జడ్జి జస్టిస్ మౌసుమి భట్టాచార్య కొట్టేశారు. అటుపక్క కక్షిదారు కేసును వేరే రాష్ట్ర హైకోర్టుకు మార్చమంటూ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. పిటిషన్‌లో ఆ జడ్జి మీద పక్షపాతం ఆరోపణలు రాశారు. జులై 29న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్ బెంచి పిటిషన్ వెనక్కి తీసుకుంటామన్నా ఒప్పుకోలేదు. కక్షిదారుకే కాదు, పిటిషన్ మీద సంతకాలు పెట్టిన వకీళ్లకూ ధిక్కరణ నోటీసులిచ్చింది. ఆగస్టులో, వెళ్లి ఆ హైకోర్టు జడ్జికే క్షమాపణ చెప్పుకోమంది. ఆమె మన్నించారు. నవంబరు 10న కేసు మూసేశారు. ఇందులో సూత్రం కొత్తదేమీ కాదు. కారణాలు సరిచూసుకోకుండా ఇలాంటి ఆరోపణల కాగితం మీద సంతకం పెట్టిన వకీలు తానూ ధిక్కరణకు బాధ్యుడేనని 1954లోనే ఎం.వై. షరీఫ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. "క్లయింటు చెప్పింది రాశాను" అన్న జవాబు అక్కడ పనికిరాలేదు.

కాబట్టి ట్రాన్స్‌ఫర్ పిటిషన్ డ్రాఫ్టు చేసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన ఒక ప్రశ్న వేసుకోండి: దీనికి కాగితం ఉందా? "ఫలానా తేదీన మా పక్షం వినకుండా ఆర్డర్ వేశారు, డాకెట్ కాపీ జత చేశాం" అన్నది నిలబడుతుంది. "జడ్జిగారు ఎదుటి పక్షంతో కుమ్మక్కయ్యారు" అన్నది మీ మెడకు చుట్టుకుంటుంది. ఎదుటి వకీలు జడ్జికి దగ్గర బంధువైతే చుట్టరికం ఏమిటో రాయండి, దాని మీద వ్యాఖ్యానం రాయొద్దు. సీనియర్ డ్రాఫ్టు ఇచ్చి సంతకం పెట్టమన్నా పూర్తిగా చదివే పెట్టండి.

ఫోన్ విషయంలోనూ ఇదే వరస. 2020 మేలో ఏపీ హైకోర్టు జడ్జిల మీద సోషల్ మీడియాలో పోస్టులు పెట్టిన 49 మందికి హైకోర్టు ధిక్కరణ నోటీసులిచ్చింది. అక్టోబరులో దర్యాప్తు సిబిఐకి అప్పజెప్పింది. తీర్పు మీద విమర్శ రాయొచ్చు, కారణాలతో రాయొచ్చు. జడ్జి కులం, కుటుంబం, ఉద్దేశాల జోలికి వెళ్తే ప్రమాదం. మీరు రాయకపోయినా ఊరి వాట్సాప్ గ్రూపులో "మా లాయరు చెప్పాడు" అని క్లయింటు పెట్టే మెసేజీ మీ మాటగానే తిరుగుతుంది. కోర్టులో జరిగిందాని గురించి క్లయింటుకు వాయిస్ మెసేజీలు పంపొద్దు. వాయిదా తేదీ, చేయాల్సిన పని, ఈ రెండే రాతలో పంపండి.

లెక్క ఎలా చూసుకోవాలి

జడ్జిలు సాధారణంగా మూడేళ్లకు బదిలీ అవుతారు. మీరు ఇదే బార్‌లో ముప్పై నలభై ఏళ్లు ఉంటారు. ఒక జడ్జితో చనువు సంపాదించి దాని మీద ప్రాక్టీసు కట్టుకున్నవాడు ఆయన బదిలీ ఆర్డర్ వచ్చిన రోజు మళ్లీ మొదటికొస్తాడు. పైగా కొత్తగా వచ్చిన జడ్జి చెవిన ఆ కథ ముందే పడి ఉంటుంది. ఫైలు చదివి వస్తాడు, అబద్ధం ఆడడు, కాపీలు టైముకిస్తాడు అన్న పేరు మాత్రం సిబ్బంది నోట, ఎదుటి వకీళ్ల నోట కొత్త జడ్జి దాకా చేరుతుంది. ఆ పేరుకు డబ్బు రావడం ఆలస్యమవుతుంది, కొన్ని కేసులు పోతాయి కూడా. పోనివ్వండి. "జడ్జిగారు తెలిసిన లాయరు" కోసం పోయిన క్లయింట్లలో కొందరు డబ్బు పోగొట్టుకుని అప్పీలుకి మీ దగ్గరికే వస్తారు. అప్పుడు పాత సంగతులు ఎత్తకుండా ఫైలు తీసుకోండి. మొదట సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు వేయించి, అప్పీలు గడువు ఇంకెన్ని రోజులుందో లెక్క చూడండి.